తాడిచెట్టు తేల్చిన ఇంజను బేరం

రాజ్యం పోయినా దర్పం పోని దొర ఒకాయన, ఎవరో ఇంట్లో ముక్కలు కూర్చి బిగించుకున్న పాత విమానాన్ని బేరమాడాడు. దానికి బిగించేందుకు చిన్నదీ పెద్దదీ రెండు ఇంజన్లున్నాయి, పెట్టేది ఒక్కటే. దొర పెద్దదే బిగించమన్నాడు. తాడిచెట్లెక్కే పోలయ్యను పిలిచి, "ఎత్తంటే నీకు భయం లేదుగా, రేపు నువ్వే నడపాలి," అన్నాడు.

పెద్ద ఇంజను పెట్టగానే విమానం ముక్కు నేలకు వంగింది. అది చూసి పోలయ్య దొర ముందు చేతులు కట్టుకున్నాడు.

"దొరా, చెట్లెక్కడం తప్ప నాకే తెలివీ లేదు. పోయేముందు మీ వస్తాదు కోసిన ముంజలు తినాలనుంది."

దొర సైగ చేయగానే కొండంత వస్తాదు తాడిని కావలించుకుని, నిలువెత్తు ఎక్కి, రొమ్ము గీరుకుంటూ జారిపడ్డాడు.

"బస్తాలెత్తుతావు, చెట్టెక్కలేవట్రా?" దొర గద్దించాడు.

"బస్తాలైతే దించేస్తాను దొరా, ఒళ్లెక్కడ దించను?" అని వస్తాదు రొప్పాడు.

"పెద్ద ఇంజను గోడూ అదే దొరా. ముందు తనను తాను మోసుకోవాలి," అంటూ పోలయ్య చకచకా ఎక్కి గెల దించాడు.

దొర ముంజలు తింటూ తల పంకించాడు. "సరే, చిన్నదే బిగించండి. పోలయ్యా, నీ వెనక నేనూ కూర్చుంటా."

పోలయ్య దొర బొజ్జకేసి చూసి, తాను చెట్టెక్కే మోకు తీసి వినయంగా అందించాడు. "ముందు ఈ తాడిచెట్టెక్కి చూడండి దొరా."

దొర చేతిలోని ముంజను మెల్లగా పళ్లెంలో పెట్టేశాడు.