మంచుదేశం పాఠం

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే సింగమ నాయకుడికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఎవరైనా దణ్ణం పెడితే చేతుల్లో ఏం దాచాడా అని చూసేవాడు. పెట్టకపోతే ఎంత పొగరో అనుకునేవాడు. ఏం చేస్తాం, అలాంటి మహానుభావుడు!

ఆయన కొలువులో కొండుభట్టు అనే చమత్కారి ఉండేవాడు. వయసులో ఉండగా ఓడలెక్కి ఉత్తరాన మంచుదేశం దాకా వెళ్ళొచ్చాడు. అంతఃపురం పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి ఆ విశేషాలు చెబుతుండేవాడు.

"అక్కడ చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది. జనం దాని మీద నడిచిపోతారు. బండ్లకి ఎద్దుల్ని కాదర్రా, కుక్కల్ని కడతారు. ఎలుగుబంట్లు పాలలా తెల్లగా ఉంటాయి. ఎండాకాలంలో సూర్యుడు అస్తమించనే అస్తమించడు!"

పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

ఒకరోజు తలుపు చాటున నక్కి వింటున్న రాజు ఒక్క ఉదుటున లోపలికొచ్చాడు.

"దొరికావు భట్టూ! సముద్రం మీద నడవొచ్చని నమ్మించి నా బిడ్డల్ని నీళ్ళలో ముంచుదామనే కదూ? రేపు సభలో రుజువు చూపించు. లేదా దేశం వదిలి పో!"

పిల్లలు బావురుమన్నారు. ఈ వయసులో కొండుభట్టు ఎక్కడికి పోతాడు పాపం? మంచుగడ్డని మూటగట్టి తేలేడు కదా! కాసేపు ఆలోచించి, రాజుగారి చిన్న కూతురు నాగాంబ చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు సభలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, మంచుదేశం అబద్ధమనే అనుకోండి. పిల్లలకి ఇంకో దేశం గురించి కూడా చెప్పాను. అందులో ఒక్క మాటైనా నిజమైతే నన్ను క్షమించాలి."

"కానీయ్" అన్నాడు రాజు కళ్ళు చికిలించి.

నాగాంబ లేచింది. "ఆ దేశంలో చెట్ల చిటారున గట్టి బుర్రల్లో తియ్యటి నీళ్ళుంటాయి నాన్నగారూ."

"అంత ఎత్తున ఎందుకు దాచారట? ఏదో మోసం ఉంది!"

"ఒక జంతువుకి వెనకా తోకే, ముందూ తోకే. ముందు తోకతో మేత తింటుంది."

"ఎటు పోతోందో తెలియకుండా వేషమన్నమాట. గూఢచారి జంతువు!"

"జనం ఎర్రటి పొడి అన్నంలో కలుపుకుంటారు. కళ్ళూ ముక్కూ కారిపోతాయి. అయినా ఇంకాస్త వెయ్యమంటారు."

"విషం! ముమ్మాటికీ విషప్రయోగమే!"

"అక్కడి రాజు తలుపు చాటున నక్కి పిల్లల పాఠాలు వింటాడు."

"ఛీ ఛీ, రాజన్నవాడు అలా చేస్తాడా? అంతా పచ్చి అబద్ధ..."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు గిరుక్కున అటు తిరిగాడు.

"అది మన దేశమే నాన్నగారూ" అంది నాగాంబ. "కొబ్బరికాయలు, ఏనుగు, మిరప్పొడి."

నాలుగోది ఆ పిల్ల చెప్పలేదు. రాజు మొహం కందగడ్డలా అయింది. కొండుభట్టు బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. చివరికి రాజు మెల్లగా అడిగాడు.

"భట్టూ, ఇవన్నీ చెబితే ఆ మంచుదేశం పిల్లలు నమ్ముతారంటావా?"

"చెట్టు మీది నీళ్ళని నమ్ముతారు, రెండు తోకల్నీ నమ్ముతారు ప్రభూ. తలుపు చాటు రాజునే నమ్మరు!"

రాజు పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు. ఆ సాయంత్రం పాఠం మొదలయ్యేసరికి, పిల్లల్ని కాస్త జరగమని, తనూ చాప మీద చతికిలబడ్డాడు.