మరక మీది, ఎండ అందరిదీ

అనగా అనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో గవర్రాజు అని ఒక పెద్దమనిషి. కాళ్ళు ఆడించకుండా విను మరి. ఊళ్ళో ఎవరికి తగువొచ్చినా ఆయనే తీర్చేవాడు. తీర్పు చెప్పడానికి ఎవరికైనా బుర్ర కావాలి. ఆయనకి మాత్రం తెల్ల పంచె కావాలి, ఆవగింజంత మరకైనా లేనిది.

ఆ పంచె ఉతికేది ఆయన భార్య పేరిందేవి. సోడా వేసి ఉడకబెట్టేది, బండ మీద బాదేది, నీలిమందు కలిపిన నీళ్ళలో ముంచేది, గంజి పెట్టేది. అది చూసి ఊరంతా గవర్రాజు మనసెంత తెల్లనిదో అనుకునేది.

పేరిందేవికి అప్పాయమ్మ అని ఒక చెల్లెలు. గోదారి మధ్య లంకలో కాపురం. తల్లి లేని పిల్ల, తొలికాన్పు. అక్కా, నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చో, భయమేస్తోంది అని కబురు పెట్టింది. లంకకి పడవ వారానికి ఒక్కటే, సంతనాడు మధ్యాహ్నం.

మొదటి సంతనాడు పేరిందేవి మూట కట్టుకుంది. అప్పుడు గవర్రాజు పంచె మీద పులుసు ఒలకబోసుకున్నాడు. రేపు తగువుంది, ఇది పోగొట్టి వెళ్ళు అన్నాడు. ఆమె సబ్బు రుద్దింది. పసుపు మరక కాస్తా ఎర్రబడింది. ఆయన లబోదిబోమన్నాడు. పసుపుకి ఎండే మందు అని ఆమె ఆరేసింది. ఆ రోజు ఎండ ఒకచోట నిలవదే. మబ్బొస్తే తియ్యడం, ఎండొస్తే పరచడం. ఇంట్లోకీ పెరట్లోకీ తిరిగి తిరిగి, మరక పోయేసరికి పడవా పోయింది.

రెండో సంతనాడు కిళ్ళీ మరక. పుల్లమజ్జిగలో నానబెట్టాలి. నానేదాకా పేరిందేవి గుమ్మంలో నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. రేవు వైపు చూస్తూనే ఉంది. ఆ పడవా పోయింది. ఆ పడవలో లంక నించి వచ్చి దిగినవాళ్ళు కబురు చెప్పారు, అప్పాయమ్మకి నిద్ర పట్టడం లేదట, అక్క ఏదీ అంటోందట.

ఆ తర్వాత మూడో సంతనాడు. గవర్రాజు స్నానం చేసి తడిపంచెని ఇనప మేకుకి తగిలించాడు. తుప్పు మరక పడింది. దీన్ని వదిలించి కదులు అన్నాడు. రేవులో పడవవాడు కేకేస్తున్నాడు.

"అక్కడ నొప్పులు మొదలైతే?" అంది పేరిందేవి.

"రేపు ఈ మరకతో తీర్పుకి వెళ్తే నలుగురూ నవ్వరూ?"

"నలుగురు నవ్వితే ఎవరూ చావరండీ. కాన్పు అలాంటిది కాదు." ఆయన అరచేతిలో నిమ్మకాయ పెట్టింది. "ఇది పిండి, ఉప్పు అద్ది ఎండలో పెట్టండి. సబ్బు తగలనివ్వకండి. మరక మీది, ఎండ అందరిదీ." అని మూట చంకన పెట్టుకుని రేవుకి పరిగెత్తింది.

గవర్రాజు నిమ్మకాయ పిండాడు. కూర్చోలేడు, నిలబడలేడు. మరక ఇంకా పోదే. అప్పుడు ఆయనకి నీలిమందు గుర్తొచ్చింది. దాన్ని నీళ్ళలో కలపాలని ఆయనకెవరు చెప్పారు, ఎప్పుడైనా అడిగితే కదా. తడిపంచె మీద గుప్పెడు చల్లి రుద్దేశాడు. పంచె నిండా నీలం మచ్చలు.

మర్నాడు అదే కట్టుకుని తీర్పుకి వెళ్ళాడు. ఎవరూ ఆయన్ని చూసి నవ్వలేదు. పేరిందేవి ఏం ఇల్లాలమ్మా, మొగుణ్ణి ఇలా పంపుతుందా అన్నారు. గవర్రాజు ఆ మాట విననట్టే తీర్పు మొదలుపెట్టాడు. చూశావా, పంచె తెల్లగా ఉంటే పేరు ఆయనది, మచ్చ పడితే తప్పు ఆమెది.

తర్వాతి సంతనాడు ఆ పంచె పట్టుకుని లంకకి పడవెక్కాడు, వదిలించి పెడుతుందని. అక్కడ అప్పాయమ్మ పక్కలో ఎర్రటి ఆడపిల్ల. అక్క చెయ్యి పట్టుకునే కన్నదట. పేరిందేవి పంచె విప్పి చూసింది. నీలం మచ్చలు లెక్కపెట్టలేదు, తిట్టలేదు. చర్రున చించి నాలుగు ముక్కలు చేసి, ఒకటి పాప కింద వేసింది. పాప వెంటనే తడిపేసింది.

ఆ తడిగుడ్డ గవర్రాజు చేతికిచ్చి, "దీనికి నిమ్మకాయా అక్కర్లేదు, గోదారి చాలు" అంది.

వెళ్ళాడా అంటావేం, వెళ్ళాడు. రేవులో ఆడవాళ్ళు ఆ మచ్చలు చూసి, ఎవరయ్యా ఇంత అందంగా నీలిమందు పెట్టిందని అడిగారు. గవర్రాజు నీళ్ళవైపు చూశాడు, గట్టువైపు చూశాడు. తప్పించుకోడానికి పడవ లేదు.

"నేనే" అన్నాడు.

నిమ్మ తుప్పుకి, నీలి నీటికి,
అక్క చెల్లికి, పడవ రేవుకి,
ఎవరి మరక వారి చేతికి,
కథ కంచికి, కన్ను నిద్రకి.