వణుకులమ్మకి ఒక వేడి ముద్ద

పండూ, ఆ ఫ్రిజ్జు తలుపు వేసి రా ముందు. జున్ను రేప్పొద్దున్నే అని చెప్పానా లేదా? పదిసార్లు తీసి చూస్తే పెరుగుతుందేవిట్రా అది! వచ్చి నా పక్కన కూర్చో. ఆ పాలు కాలుతున్నాయంటే మూత పెట్టి పక్కన ఉంచు, తర్వాత తాగుదువుగాని. మైత్రీ, నువ్విటు జరుగు. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే నాకు కోపమొస్తుంది, కథ కూడా అలుగుతుంది.

అనగనగా ఒక ఊరు. ఊరి పేరు చెబితే మీకు మళ్ళీ ఆకలేస్తుంది, అందుకని చెప్పను. ఆ ఊరికో రాజు. మంచివాడే పాపం, కానీ కొత్త వస్తువు కనబడితే మనిషికి ఒళ్ళు తెలీదు. రేవులోకి ఓడ వచ్చిందంటే చాలు, చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తేవాడు. తనంతట తానే తిరిగే రోలు కొన్నాడు. తనంతట తానే కొబ్బరి కోరే చక్రం కొన్నాడు. ఆరు నోళ్ళ పొయ్యి కొన్నాడు. కొన్నవన్నీ తెచ్చి వంటశాలలో పెట్టించాడు. చివరికి కూరలు తరుగుదామంటే కత్తిపీట వేసుకోడానికి జానెడు చోటు లేదు!

ఆ వంటశాలకి పెద్ద సూరన్న. ఆయన చేతిలో ఒక ఇత్తడి గరిటె ఉండేది. ఏడు తరాలుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న గరిటె. అది పట్టుకున్నవాడే ఆ వంటశాలకి పెద్ద. సూరన్నకి ఒక్కడే కొడుకు, వాడు ఏనుగుల మావటివాడు. ఏనుగుకి స్నానం చేయించమంటే చేయిస్తాడు గాని, గిన్నెడు నీళ్ళు మరగబెట్టమంటే గిన్నె మాడుస్తాడు. అలాంటివాడికి పేరిందేవి అనే పిల్లని తెచ్చి చేశారు.

ఆ పిల్ల కాపరానికి వస్తూ తెచ్చుకున్నవి మూడంటే మూడు వస్తువులు. ఒక కత్తిపీట, ఒక కవ్వం, పులుసు కాచుకునే రాతిగిన్నె, అదే రాచ్చిప్ప, ఒకటి. ఇంతేనా అని ఊళ్ళో అమ్మలక్కలు మూతులు తిప్పారు. వస్తువు కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలని మా అమ్మ నేర్పిందండీ, అంది ఆ పిల్ల. ఇది ఎన్ని నోళ్ళకి? కడిగేదెవరు? మూలపడితే బాగుచేసేదెవరు? ఈ మూడిటికీ జవాబు చెప్పినవి ఈ మూడే దొరికాయట. ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టండి.

ఇలా ఉండగా ఓడల బేరగాడొకడు ఒక పెట్టె తెచ్చాడు. ఏనుగు నిలబడేంత పెట్టె. తలుపు తీస్తే లోపల మాఘమాసం చలి! ఇందులో పెట్టింది ఏదీ పాడవదు మహారాజా అన్నాడు. రాజుగారి కళ్ళు మెరిసిపోయాయి. వెంటనే కొనేశాడు. వంటశాల గోడ పగలగొట్టి మరీ లోపల పెట్టించాడు.

రాజుగారి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. తాంబూలాల నాడు మగపెళ్ళివారికి విందు. ముందురోజే వండి ఆ చల్లపెట్టెలో పెట్టారు. మర్నాడు తలుపు తీద్దురు కదా, పులిహోర జిగటెక్కిపోయింది. పూర్ణం పులిసిపోయింది. పెరుగు తాకితే చాలు, పళ్ళు జివ్వుమన్నాయి. పెళ్ళికొడుకు నాయనమ్మ ఒకావిడ ఉంది, ఆవిడ ముక్కు మహా గట్టిది. విస్తరి ముందు కూర్చోకుండానే ముక్కు మూసుకుని లేచిపోయింది.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. సూరన్నని పిలిచి, పెళ్ళినాడు కూడా ఇలాగే జరిగితే గరిటె లాక్కుని ఊరు దాటిస్తానన్నాడు. పెట్టె తప్పేమోనన్న ఆలోచనే రాలేదు ఆయనకి. అంత ముచ్చటపడి కొన్నది కదా!

సూరన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, మళ్ళీ కంచంలోనే వదిలేశాడు. నలభై ఏళ్ళు ఊరికంతా వడ్డించిన మనిషి. పేరిందేవి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. మావయ్యగారూ, రేపు నేనొకసారి మీతో వంటశాలకి వస్తాను అంది. రావే అమ్మా, వచ్చి ఏం చేస్తావు అన్నాడాయన.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. వంటవాళ్ళంతా కునుకు తీస్తున్నారు. పేరిందేవి చల్లపెట్టె పక్కన నిలబడితే లోపల్నుంచి 'హుహుహు' అని చప్పుడు. మీరైతే నా కొంగు పట్టుకునేవారు. ఆ పిల్ల మాత్రం తలుపు మీద వేలితో కొట్టి, ఎవరమ్మా లోపల అని అడిగింది.

లోపలున్నది ఒక దయ్యం! అబ్బే, భయపడకండి, పీక్కుతినే దయ్యం కాదు. పేరు వణుకులమ్మ. అది ఊపిరి వదిలితే చలి. పాపం ఊదీ ఊదీ గొంతు బొంగురుపోయింది. అడిగిన మనిషి దొరికేసరికి ఒక్కసారిగా ఏడుపు మొదలెట్టింది.

ఏవని ఏడ్చింది? వేడి గిన్నె పెడతారు పిల్లా, నేను చల్లార్చాలి. చల్లార్చేలోగా తలుపు తీస్తారు. తలుపు తీస్తే చలి పోతుంది. చలి పోతే మళ్ళీ ఊదాలి. ఊదుదామంటే చోటు లేదు, అటు ఊరగాయ జాడీ, ఇటు ఉల్లిపాయల గంప, నెత్తిమీద అరటిగెల. గెలని తోసి ఊదేలోగా ఇంకో వేడి గిన్నె! ఇలా ఏడ్చింది.

వేడి గిన్నెలకి ఒక కారణం ఉంది. రాజుగారి నాయనమ్మ కాలం నుంచీ ఆ వంటశాలలో ఒక కట్టుబాటు. పొయ్యి మీంచి దింపిందాన్ని వెంటనే బిగించి మూతపెట్టాలి, ఎవరి దిష్టీ తగలకూడదు. ఆ మూతతోనే, పొగలు కక్కుతూనే, తెచ్చి పెట్టెలో పెట్టేవారు. ఆవిరంతా మూతకి పట్టి, నీళ్ళై, బొట్టు బొట్టుగా మళ్ళీ పులిహోరలోనే పడేది. పాడవక ఏమవుతుంది?

పేరిందేవి మావగారికి ఇదంతా చెప్పి, మూతలు తీసేద్దామంది. సూరన్న మూతలకి చెయ్యి అడ్డం పెట్టాడు. పెద్దావిడ పెట్టిన ఆచారమే, తెలిస్తే రాజుగారు గరిటె ఇవాళే లాక్కుంటారు అన్నాడు. పేరిందేవి నెమ్మదిగా, చూపు పడకూడదనే కదండీ ఆవిడ అన్నది, ఆవిరి పోకూడదని అనలేదు కదా అంది. పల్చటి తెల్లగుడ్డ కప్పుదాం, చూపూ పడదు, ఆవిరీ పోతుంది. చల్లారాక గిన్నెల్లోకి తీసి అప్పుడు మూత పెట్టుకుందాం.

సూరన్న ముందు గరిటె తీసి పక్కన పెట్టాడు. తర్వాత లేచి, నలభై ఏళ్ళుగా మూతలు బిగించిన చేత్తోనే మొదటి మూత తనే తీశాడు. కోడలి మాటకి అంత విలువ ఇవ్వడానికి ఎంత పెద్దమనసు ఉండాలో మీకు పెద్దయ్యాక తెలుస్తుంది.

ఇంక చూడాలి ఆ పిల్ల పని! ఊరగాయ జాడీలు బయటికి. ఉల్లిపాయలు బయట గాలికి. దుంపలు చీకటి మూలకి. అరటిగెల దూలానికి. తేనె ఎందుకు లోపల, దానికి చలేమిటి, బయటికి! ఆకుకూర కడిగి, తడి ఆరబెట్టి, గుడ్డలో చుట్టి లోపలికి. పాలూ పెరుగూ తలుపు దగ్గర కాదు, బాగా లోపలికి. పులిహోర పెద్ద గంగాళంలో కాదు, పళ్ళేలలో పరిచి చల్లార్చి, చిన్న చిన్న గిన్నెల్లో. గిన్నెకీ గిన్నెకీ మధ్య వణుకులమ్మ ఊపిరి తిరిగేంత సందు.

ఆఖరికి తలుపుకో గంట కట్టింది. ఎవరు తీసినా గణగణమంటుంది. ఆ రోజు గంట నలభైసార్లు మోగింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే ముప్ఫైసార్లు రాజుగారే! వచ్చిన చుట్టాలకల్లా తలుపు బార్లా తీసి, చూశారా మా చల్లపెట్టె అని చూపిస్తున్నాడు.

రాజుతో ఎవరు చెప్తారు? అందరూ నేల చూపులు చూశారు. పేరిందేవే వెళ్ళి, మహారాజా, మీరు తలుపు తీసినప్పుడల్లా మా మావయ్యగారి గరిటె చెయ్యి జారుతోందండీ అంది. రాజుగారు ముందు కళ్ళెర్రజేశాడు. తర్వాత గంటకేసి చూశాడు, సూరన్నకేసి చూశాడు, సిగ్గుపడి నవ్వేశాడు. పెళ్ళయ్యేదాకా అటు రానని మాటిచ్చాడు. రాజై ఉండి మాట వినడం తక్కువ సంగతా! పండూ, నిన్నే అంటున్నాను.

పెళ్ళిరోజొచ్చింది. మగపెళ్ళివారు రాలేదు! పడవలు ఇసుకమేటలో దిగబడ్డాయట, మర్నాటికి గాని రారట. అయిదొందలమందికి వండి చల్లపెట్టెలో పెట్టిన వంట. సూరన్న గరిటెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఇంకొక్కరోజే కదా నా దగ్గరుంటావు అన్నట్టు. పేరిందేవి మాత్రం తలుపు తియ్యలేదు. చూద్దామని మనసు పీకుతున్నా తియ్యలేదు. మధ్యాహ్నంవేళ వెళ్ళి, అమ్మా వణుకులమ్మా, ఈ ఒక్కరోజూ కాపాడు అని తలుపుకి చెంప ఆనించి చెప్పింది. చలి తలుపులోంచి చెంపకి తగిలింది.

మర్నాడు పెళ్ళివారు దిగారు. తలుపు తీశారు. పులిహోర మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. పెరుగు కమ్మగా ఉంది. పూర్ణం అప్పుడే రుబ్బినట్టుంది. కావలసినవి వెచ్చబెట్టి, బూరెలు అప్పటికప్పుడు వేయించి వడ్డించారు. ముక్కుగట్టి నాయనమ్మ విస్తరి మీదకి వంగి ఇటు వాసన చూసింది, అటు వాసన చూసింది. వడ్డించేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆవిడ తలెత్తి, ఇంత వంట పొద్దున్నే ఎలా చేశారర్రా, ఇంకో రెండు బూరెలు వెయ్యండి అంది!

రాజుగారి సంతోషం అంతా ఇంతా కాదు. సరిగ్గా అప్పుడే ఆ ఓడల బేరగాడు పెళ్ళిభోజనానికని వచ్చి, ఇలాంటి పెట్టెలు ఇంకో పది ఉన్నాయన్నాడు. రాజుగారు లేవబోయి, ఎందుకో ఆగి, పేరిందేవికేసి చూశాడు. పేరిందేవి అడిగింది: ఎన్ని నోళ్ళకండీ? కడిగేదెవరు? మూలపడితే బాగుచేసేదెవరు? బేరగాడు ధర తగ్గిస్తానన్నాడు. రాజుగారు నవ్వి, ముందు భోంచెయ్యవయ్యా, బేరం వద్దులే అన్నాడు.

అప్పుడు సూరన్న లేచి నిలబడ్డాడు. ఏడు తరాలు కొడుకులకే వచ్చిన గరిటెని అందరిముందూ కోడలి చేతిలో పెట్టాడు. గరిటె నా వంశానిది కాదు అమ్మా, అన్నం పాడవకుండా చూసుకునేవాళ్ళది అన్నాడు. అంటూ ఏడ్చాడు. ఆ పిల్లా ఏడ్చింది. మావటివాడైన కొడుకైతే ఏనుగు మీంచే ఏడ్చాడు.

రాజుగారు పేరిందేవిని ఏం కావాలో కోరుకోమన్నాడు. తనకేం వద్దంది. కానీ ఆ మధ్యాహ్నం వణుకులమ్మని మాత్రం అడిగింది, నీకేం కావాలమ్మా అని. అది సిగ్గుపడుతూ చెప్పిందట: ఇన్నాళ్ళూ ఇంత తిండి కాపాడాను పిల్లా, అంతా చల్లటిదే. నాకొక్క వేడి ముద్ద కావాలి అని.

ఆ రోజు నుంచీ పేరిందేవి ఎవరికి వడ్డించినా వడ్డించకపోయినా, మొదట చిన్న ఆకులో పొగలుకక్కే ముద్ద నెయ్యి వేసి పెట్టెమీద పెట్టేది. లోపల కాదు సుమా, మీద. అలా అందరూ చల్లగా ఉన్నారు, వణుకులమ్మ వెచ్చగా ఉంది. దాచుకోడం తెలియాలర్రా, మనకోసం దాచిపెట్టేదాన్ని కనిపెట్టుకుని ఉండడం అంతకంటే తెలియాలి. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లో దూరాలి.

ఏవిటే మైత్రీ? మన ఫ్రిజ్జులోనా? దయ్యం లేదే పిచ్చిదానా, కరెంటు ఉంది. పడుకో.

పండూ, నువ్వెక్కడికిరా? మళ్ళీ జున్ను కోసమేనా? ఆ గ్లాసెందుకు పట్టుకెళ్తున్నావు? ఫ్రిజ్జు మీద పెట్టొస్తావా... పాలు ఇంకా వెచ్చగా ఉన్నాయా? అయితే పెట్టిరా నాయనా. మూత తీసి పెట్టు.