గంప కింద బాణీ

గజపతికి ఒక్కటే అంతు పట్టడం లేదు. బాణీ బాగానే కుదిరింది. విన్నవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. మరి గురువుగారు మూడుసార్లు విని, మూడుసార్లూ "ఊఁ" అని ఊరుకున్నారేమిటి?

గురువుగారంటే దాలయ్యగారు, సినిమాలు తీసే ఆయన. 'తెల్ల గట్టు' ఆయనదే. వచ్చినప్పుడు వారం కూడా ఆడలేదట. ఎన్నో ఏళ్ళకి కాలేజీ పిల్లలు దాన్ని పట్టుకున్నారు. ఇప్పటికీ తెర కట్టుకుని చూస్తూనే ఉన్నారు, ముప్పైసార్లు చూసినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్క బొమ్మని అన్నిసార్లు ఏం చూస్తారో, చిత్రం!

గజపతి ఆ బాణీ కట్టే నాటికింకా అదేమీ లేదు. బొమ్మ తీయడం అయింది, సంగీతం మిగిలింది. ఆ పని ఇద్దరిది. బాణీలు గజపతివి, చప్పుళ్ళు మస్తాన్‌వి. ఆరేళ్ళుగా ఆయన వండితే తిని, ఆయన తిడితే పడి, పని నేర్చుకున్నవాళ్ళు.

పేచీ అంతా ఒక్క ఘట్టం దగ్గరే. ఉప్పుకొటార్లలో కూలికి పోయే మనిషి. మొగుడు పోయాక మొదటిసారిగా మళ్ళీ పనిలోకి వస్తుంది. గంపెడు ఉప్పు నెత్తిన పెట్టుకుని, మడిలోంచి గట్టెక్కి దించుతుంది. అంతే. నిమిషన్నర.

గజపతి మొదటి అడుగు దగ్గరే వయొలిన్లు ఎత్తించాడు. ఆమె ఎక్కేకొద్దీ అవి పెరిగి పెరిగి ఏడుస్తాయి.

ఆ ఉదయం నాలుగోసారి వినిపించాడు. ఆయన మళ్ళీ "ఊఁ" అనేసరికి హార్మోనియం మూసేశాడు.

"ఎల్లుండి మద్రాసులో నలభైమంది వయొలిన్లు పట్టుకుని కూర్చుంటారు గురువుగారూ. ఏం బాగాలేదో చెప్పరు. బాగుందనీ అనరు. నా వల్ల కాదు. నా పేరు తీసేసి ఇంకెవరిచేతైనా చేయించుకోండి. నేను నాటకాలవాళ్ళ దగ్గరికే పోతాను."

"ఒరే, నోరు ముయ్యరా!" మస్తాన్ మోచేత్తో పొడిచాడు.

దాలయ్యగారికి కోపం రాలేదు.

"చెప్పులు విడిచి రా," అన్నారు. "మస్తానూ, నీ పెట్టె కూడా తెచ్చుకో."

వాళ్ళు బస చేసింది నౌపడలో, ఒక సత్రంలో. సత్రం వెనకే ఉప్పుమడులు. అప్పటికే ఆడవాళ్ళు గంపలు ఎత్తుతున్నారు.

"బోడెమ్మా, ఈ బాబు నెత్తిన ఒక గంప పెట్టు," అన్నారు దాలయ్యగారు.

బోడెమ్మ అందరిలోకీ పెద్దది. గజపతి తెల్లటి లాల్చీని కింద నుంచి పైదాకా చూసి బుగ్గ నొక్కుకుంది. "ఈ బావుకే? సగం ఎయ్యనా నాయినా?"

"నువ్వు మోసేటంత."

నెత్తిన చుట్టకుదురు పెట్టి, ఇద్దరు పట్టి గంప ఎత్తారు. గజపతి మెడ భుజాల్లోకి దిగిపోయింది.

"నీ బాణీ పాడుకుంటూ ఎక్కు," అన్నారు దాలయ్యగారు.

మస్తాన్ రికార్డింగు పెట్టె భుజాన వేసుకుని, మైకు చాచి పక్కనే నడిచాడు. మొదటి అడుగుకి రెండు స్వరాలు వచ్చాయి. రెండో అడుగుకి ఒకటి. మూడో అడుగుకి నోరైతే తెరిచాడు గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. గంపలోంచి ఉప్పునీళ్ళు కారి కంట్లో పడ్డాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ గంప మీదే.

"బావు పాట మడిలో పడిపోనాదర్రా! ఎవులైనా ఎతికి ఇయ్యండి!" కింద నుంచి ఒకామె అరిచింది. అంతా గొల్లున నవ్వారు.

గజపతికి ఆ నవ్వు కూడా సరిగా వినబడలేదు. కాలివేళ్ళు బురదలో దిగబడుతున్నాయి. ఎక్కడ జారుతుంది, ఎక్కడ ఆనుతుంది. లోకంలో ఇంకేమీ లేదు.

గట్టు మీద ఎవరో గంప దించారు. మెడ ఒక్కసారిగా తేలిపోయింది, ఒళ్ళు ఊగింది. అప్పుడు, అతను అనుకోకుండానే, లోపల్నుంచి సన్నగా ఏదో వచ్చింది. మూలుగూ కాదు, రాగమూ కాదు. మస్తాన్ నవ్వు ఆపేసి, చెవులకున్న హెడ్‌ఫోన్ గట్టిగా అదుముకున్నాడు.

వెనకే బోడెమ్మ తన గంపతో ఎక్కి వచ్చింది. దించింది. కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది.

"అమ్మా," అన్నాడు గజపతి, ఊపిరి అందక. "మనసు బాగాలేని రోజున... ఇది మోస్తుంటే ఏడుపు రాదా?"

"గంప కింద ఏడుపేటి బావూ? కాలు జారిపోదా!" ఆమె సముద్రం వైపు చూసింది. "దించినాకే కదా, పోయినోడు గేపకానికొచ్చీది."

ఖాళీ గంప చంకన పెట్టుకుని మళ్ళీ మడిలోకి దిగిపోయింది.

దాలయ్యగారు ఇదేమీ విననట్టు ఉప్పుకల్లు ఒకటి నోట్లో వేసుకుని చప్పరిస్తున్నారు.

"గురువుగారూ..."

"రైలు పదింటికి," అన్నారాయన. "కళ్ళు కడుక్కో."

మద్రాసులో నలభైమందీ సర్దుకుని కూర్చున్నారు. దీపాలు తగ్గించారు. ముందు వరసలో వయొలిన్లవాళ్ళ పెద్దాయన కాగితం చూసి, "మొదటి అడుగుకే అందుకోమంటారా?" అని అడిగారు.

గజపతి తల అడ్డంగా ఊపాడు. చెయ్యి పైకెత్తి అలాగే ఉంచాడు.

తెర మీద ఆ మనిషి గంప ఎత్తుకుంది. ఒక అడుగు వేసింది. మస్తాన్ పట్టుకొచ్చిన బురద చప్పుడు వినబడింది. రెండో అడుగు. మూడో అడుగు.

నలభై వయొలిన్ కమానులు గజపతి చేతి వంకే చూస్తున్నాయి.