పాతరలోంచి పైకొచ్చిన పెంకు

భాగీరథి మేడమ్ అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళ చేతిలో ఒక చిల్లపెంకు పెట్టి, "అంచు చూడు" అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయేవారు. కృష్ణ ఒడ్డున మేం తవ్వుతున్న దిబ్బలో దొరికిన పెంకులను చూసి, ఏది ఏ కాలానిదో తేల్చడం ఆమె పని. ఆ దిబ్బ మీద మూడు కాలాల జనం, ముందటివాళ్ళ ఇళ్ళు కూలిన చోటే మళ్ళీ ఇళ్ళు కట్టుకుని బతికారు. ఆమె శిష్యులమైన మాకు డిగ్రీలకేం లోటు లేదు గానీ, ఆ "అంచు చూడు" వింటే మాత్రం ఒళ్ళు మండేది.

తవ్వకాలు ముగిసిన రోజు డేరాలు విప్పుతున్నారు. అందరి నోటా బస్సుల మాటే. హైమవతి ఒక్కతే ఎండబెట్టిన పెంకుల మధ్య కూర్చుని, కడిగినవాటినే మళ్ళీ కడుగుతోంది. భర్త పోయాక తిరిగి చదువులోకి వచ్చిన అమ్మాయి. మేడమ్ ఆమెను తనతో పట్నం వచ్చి, తన ఇంట్లోనే ఒక గదిలో ఉండి, ఈ పెంకుల పని పూర్తి చేయమని అడిగారు. హైమవతి అవుననలేదు, కాదనలేదు. సాయంత్రం మేడమ్ జీపు బయల్దేరేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. మేడమ్‌దీ ఒంటరి బతుకే, ఆ ఇంట్లో రెండో కంచం పెట్టిన రోజు లేదని మాకు తెలుసు. అయినా ఆమె రెండోసారి అడగలేదు.

హైమవతి ఒక పెంకు పట్టుకుని లేచి వచ్చింది.

"ఇది శాతవాహనుల పొరలో దొరికింది మేడమ్. కానీ కుండ చాలా పాతది, అట్టడుగు పొరది. తర్వాతివాళ్ళు ధాన్యం పాతర కోసం గొయ్యి తవ్వినప్పుడు పైకి వచ్చినట్టుంది. లెక్కలోంచి తీసెయ్యనా?"

మేడమ్ జవాబు చెప్పేలోగానే హైమవతి గొంతు మారింది.

"ఇదింక ఎక్కడిదీ కాదు మేడమ్, నాలాగే. పుట్టింటికి వెళ్తే చుట్టాన్ని. అత్తింటికి వెళ్తే పోయినాయన గుర్తుని. మీ ఇంటికొచ్చి నేనేమవుతాను?"

మాకెవరికీ తలెత్తి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

"అంచు చూడు," అన్నారు మేడమ్. ఈసారి మాత్రం టీకి వెళ్ళలేదు.

హైమవతి బొటనవేలితో తడిమింది. విరిగిన పెంకు అంచు వేలికి గీసుకుంటుంది. ఇది గీసుకోలేదు. చుట్టూ గుండ్రంగా, నున్నగా ఉంది.

"పైకి వచ్చాక ఎవరో పనిగట్టుకుని అరగదీశారు," అంది.

మేడమ్ చెప్పు మడమతో మట్టిలో గడులు గీశారు. కుచ్చిళ్ళు ఎగదోపి, పెంకు అందుకుని మొదటి గడిలోకి విసిరి, ఒంటికాలి మీద గెంతారు. అరవై దాటిన మనిషి! తవ్వకంలో దొరికిన వస్తువుతో మాలో ఎవరైనా తొక్కుడుబిళ్ళ ఆడి ఉంటే, సాయంత్రం బస్సు దాకా కూడా ఉండనిచ్చేవారు కాదు. డేరాలవాళ్ళు తాళ్ళు వదిలేసి చూస్తున్నారు. రెండో గడి దగ్గరే గీత తొక్కి, ఆమె ఆయాసపడుతూ పెంకుల పెట్టె మీద కూలబడ్డారు.

"నా ఆట అయిపోయింది. నీ వంతు."

హైమవతి మా అందరి వైపూ ఒకసారి చూసింది. తర్వాత చున్నీ నడుముకు బిగించింది. ఒంటికాలితో గెంతుతూ, పెంకును గడి నుంచి గడికి నెట్టుకుంటూ పోయింది. అది ఎక్కడా తట్టుకోకుండా జారింది. ఏ కాలంలోనో ఏ పిల్లో ఆడుకోవడానికే ఏరుకుని, అరగదీసుకున్న బిళ్ళ మరి. హైమవతి ఒక్క గీతా తొక్కలేదు. చివరికి వెనక్కి తిరిగి నిలబడి, పెంకును తల మీదుగా విసిరింది. అది ఒక గడిలో నట్టనడుమ పడింది. ఈ ఆటలో అలా పడిన గడి విసిరినవాళ్ళ సొంతం. హైమవతి అందులోకి గెంతి, ఇంకా ఒంటికాలి మీదే ఊగుతూ, నీళ్ళు నిండిన కళ్ళతో మేడమ్ వైపు చూసింది.

మేడమ్ ఇంకా రొప్పుతూనే ఉన్నారు.

"అది నీ గడేనమ్మా. రెండో కాలు కూడా దించు."