ఈదులవాగు వారి గూడు

ఒకప్పుడు నారమ్మ అనే గిజిగాడి పిట్ట ఉండేది. వయసు మూడు వానాకాలాలు. ఎక్కడ వాలినా ఆ కొమ్మను ముందు రెండుసార్లు ఊపి చూసుకోవడం దాని అలవాటు.

ఆ రోజుల్లో మగ గిజిగాళ్లు గూళ్లు అల్లేవాళ్లు కాదు. తాతలు అల్లిన గూట్లోనే కాపురం పెట్టేవాళ్లు. నారమ్మ మొగుడు జమ్ముడిది ఈదులవాగు వారి గూడు. వాళ్ల ముత్తాత ఆ వాగు మీదికి వంగిన ఈతకొమ్మకి అల్లితే, పెద్ద గాలివానకి కూడా నిలిచిందట. అదే వాళ్లకి ఇంటిపేరైంది.

నారమ్మకి గుడ్డు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. గుడ్డు ఇంకా కడుపులోనే ఉంది. మామ మాత్రం కొడుకేనని తేల్చేశాడు, పేరు కూడా పెట్టేశాడు. ఇంటిపేరే వాడి పేరు: ఈదులవాగు. పలికితే నోరు నిండుతుందని, పాత పేర్లలో ఉన్న దర్జా ఇప్పటి చిట్టి పొట్టి పేర్లలో ఎక్కడుందని చెట్టుచెట్టుకీ తిరిగి చెప్పుకొచ్చాడు. విన్న పిట్టలన్నీ నిజమేనన్నాయి.

నారమ్మకి గింజ మింగుడుపడటం లేదు. గూట్లో కాస్త కదిలితే చాలు, పైన గూడు కొమ్మకి వేలాడే మెడ దగ్గర ఓ పోచ పుటుక్కుమనేది. కింద వాగు. పొద్దున మూడు తెగాయి. మధ్యాహ్నానికి ఇంకో అయిదు.

మొగుడికి చెప్పింది.

"ఈదులవాగు అంటే గాలే పక్కకి తప్పుకుంటుందే," అన్నాడు జమ్ముడు.

నారమ్మ వెళ్లి గాలినే అడిగింది.

"మీ ఇంటిపేర్లు నాకేం తెలుసమ్మా? దారిలో ఉన్నవాటిని ఊపుకుంటూ పోతాను. ఎల్లుండి మీ వైపే," అంది గాలి.

నారమ్మ తిరిగొచ్చి గూటి బయటే కూర్చుంది. మామ మండిపడ్డాడు. వంశం పేరున్న గూడు కాదని గుడ్డు ఇంకెక్కడ పెడతావని నిలదీశాడు.

"పేరులో గుడ్డు పెట్టలేను మామయ్యా," అంది నారమ్మ. మొగుడి వైపు తిరిగింది. "కొత్తది అల్లు. నేను ఊపి చూస్తాను. నిలిస్తేనే లోపలికొస్తా."

పిట్టలన్నీ నవ్వుతుండగానే జమ్ముడు పచ్చిగడ్డి చీల్చుకొచ్చి అల్లాడు. నారమ్మ ఊపింది. ఊడిపడింది. మళ్లీ అల్లాడు. సగంలోనే నారమ్మ తల అడ్డంగా ఆడించింది. మూడోది అయ్యేసరికి ఈతమట్టలు గలగలమంటున్నాయి. నారమ్మ దాన్ని పట్టుకు వేలాడి, లాగి, గుంజి, అప్పుడు లోపలికి దూరింది.

గాలి వచ్చింది. ముత్తాత గూడు ఒక్క ఊపుకి వాగులో పడి కొట్టుకుపోయింది. కనపడినంత దూరం మామ దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఆడపిట్టలన్నీ చూశాయి.

అప్పటినుంచే మగ గిజిగాడు ఏటా కొత్త గూడు అల్లుతాడు. ఆడపిట్ట వచ్చి లాగి చూసి, నచ్చితేనే కాపురానికి వస్తుంది. సగం అల్లి వదిలేసిన గూళ్లు ఈతకొమ్మలకి వేలాడేది అందుకే.

నారమ్మ ఆ గుడ్డులోంచి వచ్చిన తన పెద్దకూతురికి ఈదులవాగు అని పేరు పెట్టింది.