దాచిన పెట్రోలు

హజరత్ అమీనుల్లా షా శిష్యుడు సుభానీకి తన ముందుచూపు మీద గట్టి నమ్మకం. వాళ్ళ దర్గా ఉప్పుటేటి నడుమ ఒక దిబ్బ మీద ఉండేది. ఒడ్డుకు చేరాలంటే ఇంజను పడవే దారి. ఒక వానాకాలం పెట్రోలు దొరక్క అవస్థపడ్డాక, మరుసటేడు వేసవి రాకముందే సుభానీ రెండు పెద్ద డబ్బాల్లో సగం సగం పెట్రోలు పోసి రేకుల కొట్టంలో దాచాడు. వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

హజరత్ ఒకరోజు కొట్టం ముందు ఆగారు.

"ఉన్నది వాడేస్తూ, కొత్తది పోస్తూ ఉండు బేటా."

సుభానీ తల ఊపాడు. హజరత్‌కు దేవుడి సంగతి తెలుసు గానీ ఇంజన్ల సంగతి ఏం తెలుసు అనుకున్నాడు. డబ్బాలు అలాగే ఉన్నాయి. పగలంతా రేకులు కాలేవి. తెల్లారేసరికి ఉప్పుగాలికి, సగం ఖాళీగా ఉన్న డబ్బాలు లోపలా బయటా చెమ్మగిల్లేవి.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం, వంట చేసే హుస్సేన్‌బీ కట్టెలు తీస్తుంటే పాము కరిచింది. హజరత్ ఆమె కాలు కదలకుండా చెక్కకు కట్టించి పడవలో పడుకోబెట్టించారు. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. టాంకు చూస్తే అడుగంటింది. ఇందుకే గదా దాచింది అనుకుంటూ సుభానీ ఒక డబ్బా పడవలోకి తెచ్చి టాంకులో పోశాడు.

ఇంజను అందుకుంది. పడవ ఏటి మధ్యకు వచ్చింది. అక్కడ ఇంజను రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది.

సుభానీ ఇంజను తాడు లాగాడు. పలకలేదు. మళ్ళీ లాగాడు. నీరు సముద్రం వైపు తీస్తున్న వేళ అది. పడవ మెల్లగా పక్కకు తిరిగి, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు జారడం మొదలెట్టింది. దూరాన అలలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సుభానీ," అంది హుస్సేన్‌బీ. మాట ముద్దగా వచ్చింది. "రెప్పలు నిలబడటం లేదురా."

"అయిపోయింది ఆపా, ఇదిగో, ఇప్పుడే అందుకుంటుంది."

అరచేయి చీరుకుపోయి తాడుకు నెత్తురు అంటింది. అయినా లాగుతూనే ఉన్నాడు.

హజరత్ పడవలో పడివున్న ఖాళీ నీళ్ళ సీసా తీశారు. డబ్బా వంచి అడుగున మిగిలింది అందులో పోసి, కాసేపు కదలకుండా పట్టుకున్నారు. తర్వాత సుభానీ కళ్ళ ముందుకు చాపారు.

పైన ముదురు రంగు పెట్రోలు. గుప్పుమని వార్నిష్ వాసన. అడుగున వేలెడు మందాన, వేరుగా తేరుకున్న నీరు.

సుభానీ చూశాడు. కానీ చేయి తాడును వదల్లేదు.

"ఇంకొక్కసారి హజరత్. మూత గట్టిగానే బిగించాను. చెడిపోవడానికి వీల్లేదు."

డెబ్బై దాటిన హజరత్ తన శాలువా తీసి హుస్సేన్‌బీ మీద కప్పారు. ఒక తెడ్డు అందుకుని నీళ్ళలో వేశారు. ఒక్క తెడ్డుతో పడవ ఉన్నచోటే తిరిగింది. ఆయన మళ్ళీ వేశారు. మెడ నరాలు ఉబ్బాయి. సుభానీ వైపు తిరిగి చూడలేదు.

సుభానీ తాడు వదిలేశాడు. రెండో తెడ్డు తీసుకుని పక్కన కూర్చున్నాడు.

ఒడ్డు ఎంతకీ దగ్గరపడలేదు. హుస్సేన్‌బీ మూలుగు ఆగినప్పుడల్లా సుభానీ తెడ్డు ఆగిపోయేది, మళ్ళీ ఆమె ఊపిరి వినబడితే బలంగా పడేది. చివరికి పడవ అడుగు ఇసుకకు తగిలింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆమెను ఆటోలోకి ఎక్కించారు.

చీకటి పడేవేళకు డాక్టరమ్మ బయటికొచ్చింది. మందు పనిచేస్తోందనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పి లోపలికి వెళ్ళింది.

అప్పటిదాకా నిలబడే ఉన్న సుభానీ వరండాలో కూలబడ్డాడు. హజరత్ పక్కనే కూర్చుని, అతని అరచేయి తెరిచి, తడిగుడ్డతో నెత్తురు తుడవసాగారు.

"జాగ్రత్తగానే దాచాను హజరత్," అన్నాడు సుభానీ. "అంత జాగ్రత్తగా దాచాను."

హజరత్ గుడ్డ పిండి, రెండో చేయి అందుకున్నారు.

"దాచావు బేటా," అన్నారు. "చూసుకోలేదు."